పది నిమిషాల నాటికలకు వేదిక: రచయిత వైపు నుంచి ఒక సమీక్ష

పొట్టి నాటికలు రాసేవారికి ఉండే కష్టం రాయడంలో కంటే రాసినదాన్ని ఆడించుకోవడంలో ఎక్కువ. పూర్తి నిడివి నాటకమైతే ఒక సాయంత్రమంతా నడుస్తుంది కాబట్టి దాని కోసం బృందాన్ని కూడగడతారు, హాలు తీసుకుంటారు, టికెట్లు అమ్ముతారు. పది పేజీల నాటిక ఒక్కదాని కోసం అంత శ్రమ ఎవరూ పడరు. అందుకే కొన్ని నాటక బృందాలు రచయితల నుంచి పొట్టి స్క్రిప్టులను ఆహ్వానించి, కొన్నింటిని ఎంపిక చేసి, నటులతో చదివించి, దర్శకులకు అప్పగించి, ఒకే సాయంత్రం వరుసగా ప్రదర్శించే ఏర్పాటు చేస్తున్నాయి. అటువంటి ఒక బృందం అందించే సేవను నేను కొంతకాలంగా వాడుకుంటున్నాను. బృందం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపాలు ఇదే పద్ధతిలో నడిచే చాలా వేదికల్లో ఉండేవే. నా తీర్పు మాత్రం ముందే చెబుతాను: వీరి పఠన దశ ఎంతో మేలైనది, రిహార్సల్ దశ సంతృప్తికరం, లైట్లూ శబ్దమూ చూసుకునే దశ బలహీనం. కాబట్టి మాట మీద నిలబడే నాటికకు ఇది మంచి చోటు. చీకటి మీద నిలబడే నాటికకు కాదు.

ముందు నిడివి సంగతి. స్క్రిప్టు పది పేజీలు దాటకూడదన్నది వీరి నియమం; సంభాషణ మామూలుగా సాగే నాటికలో ఒక పేజీకి సుమారు ఒక నిమిషం పడుతుందన్న పాత లెక్కే దీనికి ఆధారం. ఏకాంక రూపం కొత్తదేమీ కాదు. సంస్కృత లాక్షణికులు చెప్పిన దశరూపకాల్లో, అంటే పది రకాల రూపకాల్లో, భాణం (ఒకే నటుడు ఆడేది), వీథి, వ్యాయోగం, అంకం ఒకే అంకంలో ముగిసేవే. సంస్కృత నాటకకర్త భాసుడి పేరిట దొరికిన వాటిలో ఊరుభంగం, కర్ణభారం అలాంటి రచనలే. పది నిమిషాలన్న కొలత మాత్రం ఆధునిక కాలానిది. అమెరికాలోని లూయీవిల్ నగరంలో యాక్టర్స్ థియేటర్ 1976లో మొదలుపెట్టిన హ్యూమానా కొత్త నాటకాల ఉత్సవం, ఆ సంస్థే నిర్వహించిన పది నిమిషాల నాటికల పోటీ ఈ కొలతకు ప్రచారం తెచ్చాయి. ఇక అమెరికన్ నాటక రచయిత్రి సూజన్-లోరీ పార్క్స్ 2002 నవంబరులో మొదలుపెట్టి ఏడాది పాటు రోజుకొక నాటిక రాయడం, 2006 నవంబరు నుంచి మరో ఏడాది పాటు ఎన్నో బృందాలు వాటిని పంచుకుని ఆడటం చూస్తే, ఈ రూపానికి రచయిత ఒక్కడి ఓపికతో పాటు దాన్ని ఎత్తుకునే వేదికలు ఎంత అవసరమో అర్థమవుతుంది. పది పేజీల హద్దును వీరు కచ్చితంగా పాటిస్తారు. అక్షరాల సైజు తగ్గించి పదమూడు పేజీల సరుకును పది పేజీల్లో కుక్కి పంపేవారిని గడియారం పెట్టి చదివి పట్టుకుంటారు. ఆ కచ్చితత్వం నాకు నచ్చింది, ఎందుకంటే ఒక నాటిక సాగితే నష్టపోయేది దాని తర్వాత వచ్చే నాటిక.

ఎంపిక రచయిత పేరు తీసేసిన ప్రతుల మీదే జరుగుతుంది. తిరస్కరించిన స్క్రిప్టులకు కారణం చెప్పరు, మర్యాదగా రెండు వాక్యాలు రాసి ఊరుకుంటారు; అందులో ఫిర్యాదు చేయాల్సిందేమీ లేదు. ఒప్పందం చక్కగా ఉంటుంది: హక్కులు రచయితవే, బృందానికి ఆ విడత ప్రదర్శనలకు మాత్రమే అనుమతి, రచయిత సమ్మతి లేకుండా ఒక్క మాట కూడా మార్చకూడదు. రచయిత వాటాగా వచ్చేది నామమాత్రమే అయినా ఆ మాట కూడా దాచకుండా రాస్తారు. కొత్త రచయితలు గమనించాల్సిన విషయం ఒకటుంది. చాలా పోటీలు ఇంతవరకు ప్రదర్శన కాని నాటికలనే స్వీకరిస్తాయి. ఇక్కడ ఒక్కసారి ఆడినా అది ప్రదర్శితమైన నాటిక కిందికే వస్తుంది కాబట్టి, మరెక్కడికైనా పంపాలన్న ఆశ ఉన్న స్క్రిప్టును ఇక్కడ ఇచ్చే ముందు ఆలోచించుకోవాలి. బృందం ఈ సంగతి తానుగా చెప్పదు, చెబితే బాగుండేది.

ఇక ఈ సేవలో అన్నింటికంటే విలువైన పఠన దశ. ఎంపికైన నాటికను దర్శకుడి చేతికి ఇవ్వకముందే, పాత్రలకు తగ్గ నటులను పిలిచి, బల్ల చుట్టూ కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా చదివిస్తారు. రంగసూచనలను బృందంలో ఒకరు చదువుతారు. రచయిత చదవకూడదు, మధ్యలో మాట్లాడకూడదు. ఈ నియమం కఠినంగా కనిపించినా దాని వెనుక అనుభవం ఉంది. రచయిత వివరించడం మొదలుపెట్టగానే నటులు కాగితాన్ని వదిలి అతని ముఖం చూసి చదవడం మొదలుపెడతారు. అప్పుడు కాగితం మీద నిజంగా ఏముందో, రచయిత మనసులో మాత్రమే మిగిలిపోయింది ఏమిటో తేలే అవకాశం పోతుంది.

నా నాటికల్లో ఒకటి ఒక స్త్రీ ఆస్పత్రి నుంచి వచ్చిన ఫోను అందుకుని మాట్లాడటం. రంగం మీద ఉండేది ఆమె ఒక్కతే. అవతలి గొంతు వినిపించదు. భాణంలోని నటుడు ఆకాశం వైపు చూసి "ఏమంటున్నావు?" అని తానే అడిగి అవతలివాడి మాటను తానే తిరిగి చెబుతాడు, ఫోనులో మాట్లాడే పాత్రకు ఆ వెసులుబాటు కూడా లేదు, ఆమె జవాబుల నుంచే ప్రేక్షకుడు అవతలి మాటలను ఊహించుకోవాలి. నేను పంపిన ప్రతిలో ముగింపు దగ్గర ఆమె "అలాగే" అంటుంది. ఆ వెంటనే "నేనే వస్తాను. తమ్ముడికి నేనే చెప్పుకుంటాను. మీరేమీ అనుకోకండి" అని మరో మూడు వాక్యాలు. ప్రింటు తీసినప్పుడు "అలాగే" అన్న మాట ఒక పేజీ అడుగున పడింది, మిగతా మూడు వాక్యాలు తర్వాతి పేజీకి వెళ్లాయి. చదువుతున్న నటి "అలాగే" అని, పేజీ తిప్పడానికి వేలు తడి చేసుకుని, అంటుకుపోయిన కాగితాలను విడదీసుకుంటూ ఉండగా గదిలో ఎవరూ కదల్లేదు. ఆ కాసేపట్లోనే జరిగినదేమిటో అందరికీ అర్థమైపోయింది. ఆమె పేజీ తిప్పి ఆ మూడు వాక్యాలు చదివేసరికి అవి అప్పటికే తెలిసిన వార్తను మళ్లీ చెబుతున్నట్టు వినిపించాయి.

పఠనాన్ని నడిపిన వ్యక్తి అక్కడ చూపిన నేర్పు చెప్పుకోదగినది. వాక్యాలు తీసేయమని ఆమె అనలేదు, "ఈ మూడు మాటలు ఫోనులో ఉన్న మనిషికి చెబుతున్నవా, హాలులో కూర్చున్నవాళ్లకు చెబుతున్నవా?" అని మాత్రమే అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు దొరికాక కత్తిరించడానికి ఇంకొకరి సలహా అక్కర్లేదు. స్క్రిప్టు మీద సలహా ఇవ్వడమంటే తనకు తోచిన వేరే నాటికను రచయిత నెత్తిన పెట్టడమనుకునేవారి మధ్య గడిపినవారికి ఇటువంటి ప్రశ్న ఎంత అరుదైనదో తెలుస్తుంది. రష్యన్ రచయిత చెకోవ్ పొగాకు మీద ఒక వ్యక్తి ఉపన్యాసమిచ్చే చిన్న ఏకపాత్ర రూపకాన్ని 1886లో మొదలుపెట్టి 1902 దాకా మళ్లీ మళ్లీ తిరగరాశాడు. పొట్టి రచన అన్నాక తిరగరాయడం కూడా పొట్టిగా ముగుస్తుందని అనుకోకూడదు. ఆ పనికి కావలసిన వినికిడిని ఈ పఠనాలు ఇస్తాయి. ఈ సేవలో మరేమీ లేకపోయినా, ఇదొక్క దశ కోసమే నేను మళ్లీ స్క్రిప్టు పంపుతాను.

రిహార్సల్ దశలో నాణ్యత దర్శకుడిని బట్టి మారుతుంది. దర్శకుడిని ఎంచుకునే అవకాశం రచయితకు ఉండదు, బృందమే అప్పగిస్తుంది. సమయం తక్కువ, నటుల్లో చాలామంది అదే సాయంత్రం రెండేసి నాటికల్లో వేస్తుంటారు. అయినా నేను చూసిన రిహార్సళ్లలో శ్రద్ధ లోపించలేదు. పాత కుర్చీ బాగుచేయడానికి వచ్చిన వడ్రంగికీ, ఆ కుర్చీ బాగుపడటం ఇష్టంలేని ఇంటి యజమానికీ మధ్య జరిగే నా నాటికలో, వడ్రంగి పనిచేస్తూ మాట్లాడతాడని రాశాను. ఆ పాత్ర వేసిన నటుడు నిజమైన సుత్తి, మేకులు తెచ్చుకున్నాడు. కుర్చీని తలకిందులుగా పెట్టి, ఒక చేత్తో కాలు పట్టుకుని, రెండో చేత్తో సుత్తి ఎత్తేసరికి మేకులు పెట్టుకోవడానికి పెదవులు తప్ప మరో చోటు మిగల్లేదు. పెదవుల మధ్య మేకులు పెట్టుకున్న మనిషి మాట్లాడలేడు. ఒక మేకు దిగ్గొట్టి, రెండో మేకు తీసే లోపల మాత్రమే అతను మాట్లాడగలడు. మిగతా సేపంతా యజమాని చెప్పింది వింటూ, తల ఊపుతూ, కాలు బిగిస్తూ ఉంటాడు.

దర్శకుడు నాకు వెంటనే రాశారు. వడ్రంగి మాటల్లో కొన్నింటిని మేకుకూ మేకుకూ మధ్యకు జరపడానికీ, రెండింటిని వదిలేయడానికీ అనుమతి అడిగారు. నేను ఇచ్చాను. ఆ మార్పుతో నాటిక స్వభావమే మారింది: ఇద్దరి వాదం కాస్తా, ఒకరు మాట్లాడుతుండగా రెండోవారి మౌనం బరువెక్కే దృశ్యమైంది. స్వీడన్ నాటక రచయిత స్ట్రిండ్‌బర్గ్ 1889 నాటి 'ది స్ట్రాంగర్'లో ఇద్దరు స్త్రీలలో ఒకామె నాటిక పొడవునా మాట్లాడదు, అయినా ప్రేక్షకుడి చూపు ఆమె మీద నుంచి మరలదు; మౌనపాత్ర ఎంత పని చేయగలదో చదివి తెలుసుకోవడం వేరు, మన స్క్రిప్టులో ఒక నటుడి పెదవుల మధ్య నుంచి అది పుట్టడం వేరు.

అనుమతి అడగడమన్న ఆ చిన్న మర్యాదను తేలిగ్గా తీసుకోకూడదు. ఐరిష్ నాటక రచయిత శామ్యూల్ బెకెట్ రాసిన 'బ్రెత్' ఒక నిమిషం కూడా పట్టని నాటిక. రంగం మీద చెత్త, వెలుగు పెరిగి తగ్గడం, ఒక ఊపిరి, రెండు చిన్న కేకలు, అంతే, మనుషులెవరూ ఉండరు. 1969లో న్యూయార్క్‌లో బ్రిటిష్ విమర్శకుడు కెనెత్ టైనన్ తన 'ఓ! కలకత్తా!' ప్రదర్శనలో దాన్ని వాడుకున్నప్పుడు ఆ చెత్తలో నగ్న శరీరాలను చేర్చారు, రచయితకు అది కోపం తెప్పించింది. అంత పేరున్నవాడి నాటికకే, అందులోనూ మార్చడానికి ఒక్క సంభాషణ అయినా లేని నాటికకే, ఆ గతి పట్టింది. పొట్టి నాటిక విషయంలో సొంత నేర్పు చూపించాలన్న కోరిక దర్శకులకు ఎక్కువగానే ఉంటుంది, పది నిమిషాల్లో తమ ముద్ర కనబడాలి కదా. ఈ బృందం ఆ కోరికను ఒప్పందంతో అదుపులో పెట్టింది.

ఇప్పుడు బలహీనమైన భాగం. ఒకే సాయంత్రం అరడజనుకు పైగా నాటికలు ఆడాలంటే లైట్లు అన్నింటికీ ఉమ్మడిగా అమర్చాలి. ఒక్కో నాటికకు టెక్నికల్ రిహార్సల్ కోసం సమానంగా కొంత సమయం పంచుతారు. వినడానికి న్యాయంగా ఉన్న ఈ పంపకం ఆచరణలో అన్యాయం. ఇద్దరు మనుషులు పట్టపగలు మాట్లాడుకునే నాటికకు లైట్లు వెలిగించడం, ఆర్పడం తప్ప మరో పని లేదు, దానికి ఇచ్చిన సమయంలో సగం మిగిలిపోతుంది. లైట్ల మీదే ఆధారపడిన నాటికకు అదే సమయం ఏ మూలకూ చాలదు. సమయాన్ని తలసరిగా కాక అవసరాన్ని బట్టి పంచాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

కరెంటు పోయి ఆగిపోయిన లిఫ్టులో ముగ్గురు అపరిచితులు ఇరుక్కున్న నాటిక నాది ఒకటి ఇలాగే దెబ్బతింది. అది చీకట్లోనే మొదలవుతుంది. మొదటి రెండు పేజీలూ గొంతులే తప్ప మనుషులు కనిపించరు. ఎవరు ఎవరో ప్రేక్షకుడు గొంతును బట్టి ఊహించుకున్నాక, ఒకరు ఫోను వెలిగిస్తే ఆ ఊహ తప్పని తేలుతుంది. నాటిక బలమంతా ఆ క్షణంలోనే ఉంది. టెక్నికల్ రిహార్సల్ సమయమంతా లిఫ్టు కొలతలో నేల మీద చతురస్రంగా వెలుగు పడేలా ఒక లైటును సరిచేయడంలోనే గడిచిపోయింది. చీకటిని ఎవరూ రిహార్సల్ చేయలేదు, ఎందుకంటే చీకటి అంటే లైట్లు ఆర్పేయడమే కదా అన్నది అక్కడివారి ధోరణి.

ప్రదర్శనలో జరిగింది ఇది. నా నాటికకు ముందున్నది గట్టిగా నవ్వించే ప్రహసనం. అది ముగిసి లైట్లు ఆరాయి, చప్పట్లు మోగాయి, చీకట్లో కుర్చీలు, బల్లలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. ప్రేక్షకులు ఆ విరామంలో అలవాటుగా పక్కవారితో మాట్లాడుకుంటున్నారు. నా నాటిక అదే చీకట్లో మొదలైంది. సామాను మార్పు ముగిసిందని తెలియజేసే గుర్తు ఏదీ లేకపోవడంతో, లిఫ్టులోని మొదటి గొంతును చాలామంది రంగం వెనుక పనివారి గొంతు అనుకున్నారు. నా ముందు వరుసలో ఒకాయన పక్కనున్నావిడకు ప్రహసనంలోని హాస్యాన్ని మళ్లీ చెబుతూనే ఉన్నారు. పైగా తలుపుల మీది దీపాలు భద్రత కోసం ఆర్పకూడనివి. కళ్లు అలవాటు పడేసరికి వాటి వెలుగులో నటుల ఆకారాలు తెలిసిపోయాయి. ఫోను వెలిగేసరికి బయటపడటానికి రహస్యం ఏదీ మిగల్లేదు. బెకెట్ 1972 నాటి 'నాట్ ఐ'లో చీకటిలో ఒక నోరు, మసక వెలుగులో వింటూ నిలబడిన ఒక ఆకారం తప్ప ఏమీ కనిపించకూడదు. అటువంటి నాటికను ఈ ఉమ్మడి ఏర్పాటులో ఊహించడం కూడా కష్టం.

దీన్ని కేవలం దురదృష్టమని కొట్టిపారేయలేను, ఎందుకంటే ఇందులో సగం క్రమానికి సంబంధించిన పొరపాటు. ఏ నాటిక తర్వాత ఏ నాటిక అన్నది ఈ బృందం నటుల దుస్తుల మార్పుకు పట్టే సమయాన్ని బట్టీ, సామాను మోసే సౌకర్యాన్ని బట్టీ నిర్ణయిస్తుంది. ఒక సాయంత్రంలో చాలా పొట్టి నాటికలు ఆడేవారికి క్రమమే అసలైన దర్శకత్వం. పారిస్‌లో 1897 నుంచి 1962 దాకా నడిచిన గ్రాన్ గిన్యోల్ రంగశాలలో భయానక నాటికల మధ్య ప్రహసనాలను పెట్టి, వేడినీళ్లు పోసి వెంటనే చన్నీళ్లు పోసినట్టు ప్రేక్షకుడిని అటూ ఇటూ తిప్పేవారు. అక్కడ ఒక నాటిక మిగిల్చిన మానసిక స్థితిని తర్వాతి నాటిక కావాలని వాడుకునేది. ఇక్కడ అది యాదృచ్ఛికం. నా నాటికకు ముందు రెండు నిమిషాల సంగీతమో, హాలు లైట్లు ఒకసారి సగానికి వెలిగి ఆరడమో ఉంటే సరిపోయేది. ఆ సూచన నేను తర్వాత రాసి పంపాను. విన్నారు, మంచిదన్నారు, ఆ విడతలో మిగిలిన ప్రదర్శనల్లో సంగీతం పెట్టారు. అడిగితే చేసే గుణం ఉంది, ముందే ఆలోచించే తీరిక లేదు.

ప్రదర్శన రోజున రచయితకు ముందు వరుసలో సీటు కేటాయిస్తారు. మర్యాదే, కానీ ఆ సీటు వల్ల ప్రయోజనం లేదు. వెనుక వరుసలో ఒక పక్కకు కూర్చుంటే రంగంతో పాటు ప్రేక్షకుల వీపులు కూడా కనిపిస్తాయి. ఎక్కడ కుర్చీల్లో కదిలారో, ఎక్కడ ముందుకు వంగారో వీపులే చెబుతాయి. కుర్చీ నాటికలో మొదటి మేకు దిగినప్పుడు నవ్వారు, రెండో మేకుకు కొందరే నవ్వారు, మూడో మేకు దగ్గర నవ్వు ఆగిపోయింది. ఆ తేడా నాకు ముందు వరుసలో తెలిసేది కాదు.

ప్రదర్శన తర్వాత జరిపే చర్చ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. అన్ని నాటికలనూ కలిపి ఒకేసారి మాట్లాడమంటారు, చివర చూసిన నాటిక గురించే అందరూ మాట్లాడతారు. వీడియో ఒక్క కెమెరాతో, హాలు వెనుక నుంచి, కదలకుండా తీస్తారు. నిడివి చూసుకోవడానికీ నవ్వులు ఎక్కడ వచ్చాయో లెక్కించుకోవడానికీ పనికొస్తుంది, మరో బృందానికి చూపించి ఒప్పించడానికి పనికిరాదు. సంభాషణ ఉన్నచోట కూడా ప్రేక్షకులు దగ్గే చప్పుడే అందులో రికార్డవుతుంది మరి.

పొట్టి నాటికలు రాస్తూ ఇంతవరకు ఒక్కటి కూడా నటుల నోట వినని రచయితలకు ఈ సేవను నిస్సంకోచంగా సూచిస్తాను. రెండు మూడు పాత్రలు, ఒకే చోటు, చేతికి అందే సామాను, మాటల్లో నడిచే వైరుధ్యం ఉన్న స్క్రిప్టు ఇస్తే వీరు దాన్ని రచయిత పంపినదానికంటే మెరుగ్గా తిరిగి ఇస్తారు. వెలుగుతో కథ చెప్పే నాటిక ఉన్నవారు మాత్రం ముందే బృందంతో మాట్లాడి, టెక్నికల్ సమయం ఎంత ఇస్తారో, వరుసలో ఎక్కడ పెడతారో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే ఇవ్వడం మంచిది.

ఈ విడత దరఖాస్తులో కొత్తగా ఒక గడి చేర్చారు: నాటిక చీకట్లో మొదలవుతుందా, ముగుస్తుందా, మధ్యలో ప్రత్యేకమైన లైట్లు కావాలా అని అడుగుతున్నారు. లిఫ్టు నాటికను ఒకే నాటికకు హాలంతా ఇవ్వగల వేరొక బృందానికి ఇచ్చాను కాబట్టి, ఆ గడిలో నేను ఈసారి "అక్కర్లేదు" అని రాశాను. పంపింది ఇద్దరు అక్కచెల్లెళ్లు మధ్యాహ్నపు ఎండలో బట్టలు మడతపెడుతూ మాట్లాడుకునే నాటిక.